నోట్లో నానిన నువ్వుగింజ

నా నోరు పెద్దది. ఈ మాట సిగ్గుపడుతూ చెప్పడం లేదు. కూరగాయల బజారులో కొట్టు పెట్టుకుని బతికేదానికి నోరు చిన్నదైతే సాయంత్రానికి టమాటాలన్నీ బుట్టలోనే మెత్తబడతాయి. బజారంతా నన్ను మైకు అంటుంది. పక్క కొట్టాయన తన బెండకాయల బేరం కూడా అప్పుడప్పుడూ నా చేతే అరిపించుకుంటాడు. దీని నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ పోయేదాకా వాపోయింది. నాకు రహస్యం చెబితే ఊరికి చెప్పినట్టేనని ఆవిడ లెక్క.

మా చెల్లెలు అలా కాదు. నాలుగు మాటలు అడిగితే ఒకటి చెబుతుంది, ఆ ఒకటీ నవ్వులాటగా చెబుతుంది. పెళ్ళయ్యాక ఊరి చివర, పొలాల మధ్య ఉన్న ఇంటికి కాపరానికి వెళ్ళింది. మొగుడు ఆ దారిలో తిరిగే ఒకే ఒక్క బస్సుకి కండక్టరు. ఇంట్లో అత్తగారు, కొట్టంలో ఒక ఆవు, ఒళ్ళో ఎనిమిదో నెల పిల్ల. పిల్లని బుల్లిది అంటాం.

ఆ రోజు పొద్దున కొట్టు సర్దుకుంటుంటే చెల్లెలి మొగుడు, మా మరిది ఫోను చేశాడు.

"వదినా, మీ చెల్లెలు గానీ అక్కడికి వచ్చిందా?"

"ఇంత పొద్దున్నే పిల్లనేసుకుని నా దగ్గరికి ఎందుకొస్తుంది?"

"పిల్ల ఇక్కడే ఉంది వదినా. తనే లేదు. నిన్న సాయంత్రం నుంచీ లేదు." ఆ మాటంటూ ఏడ్చేశాడు.

పాలు తాగే పిల్లని వదిలి మా చెల్లెలు వీధి మలుపు దాకా కూడా వెళ్ళదు. ఎవరితోనో పోయిందని ఊరనుకుంటుంది, అనుకోనీ. నేను మాత్రం బండెక్కేటప్పుడే నిర్ణయించుకున్నాను. దాన్ని ఎవరో ఏదో చేశారు. ఆ ఎవరో ఎవరన్నది కూడా నాకు అప్పుడే తెలిసినట్టనిపించింది. ఆ ఇంట్లో మా చెల్లెలి అత్తగారు ఉందిగా.

మా ఆయన నన్ను కూరగాయల బండిలో తీసుకెళ్ళి దింపాడు. దారంతా నేను ఏడుస్తూ తిడుతూనే ఉన్నాను, ఆయన బండి తోలుతూనే ఉన్నాడు. మా ఇద్దరికీ కలిపి దేవుడిచ్చిన మాటలన్నీ నా వాటాకే వచ్చాయి.

గుమ్మం పక్కన మా చెల్లెలి చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. కిటికీ గూట్లో ఫోను ఉంది. దువ్వెనలో దాని వెంట్రుకలు ఇంకా చిక్కుకునే ఉన్నాయి. మరిది మెట్ల మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. నన్ను చూడగానే లేచి వచ్చి, "నాకేం పాలుపోవట్లేదు వదినా," అన్నాడు. ఆ దారిలో అతనంటే ఇష్టపడని ప్రయాణికులు లేరు. ముసలమ్మల మూటలు తనే ఎత్తి పెడతాడు, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. నోట్లో నాలుక లేని మనిషి అని నేనే పదిమందికి చెప్పుకున్నాను.

అత్తగారు మాత్రం పెరట్లో కూర్చుని పాల క్యాను తోముతోంది. ఊళ్ళో ఆవిడని మిరపకాయ అంటారు. ఎండిన మిరపకాయే, కానీ ఘాటు తగ్గలేదు.

"వచ్చావా," అంది. క్యాను మీద నుంచి కళ్ళెత్తలేదు.

"వచ్చాను అత్తయ్యగారూ. మా చెల్లెలేదీ?"

"నా కొంగున కట్టుకున్నానా? పొమ్మంటే పోయింది, రమ్మంటే వస్తుందా?"

ఆ కంట్లో చుక్క తడి లేదు. ఇంటి కోడలు మాయమైతే, చంటిపిల్ల అమ్మ కోసం వెతుక్కుంటుంటే, ఈవిడ క్యానుకి మెరుగు పెడుతోంది. నా ఒళ్ళు మండిపోయింది. అక్కడే నాలుగు దులిపాను. మరిది వచ్చి, "పెద్దావిడ వదినా, వదిలెయ్యండి," అని నన్ను లోపలికి తీసుకుపోయాడు. ఎంత మంచివాడనుకున్నాను.

పిల్లని చూసుకోవాలన్న వంకతో నేను అక్కడే ఉండిపోయాను. మా ఆయన్ని వెళ్ళిపొమ్మన్నాను. అక్కడున్న రోజుల్లో నా కళ్ళు ఆవిడ మీద నుంచి పక్కకి పోలేదు.

మొదట నేను చూసింది గొయ్యి. కొట్టం వెనక, పెంటకుప్ప పక్కన, కొత్తగా తవ్వి పూడ్చిన నేల. మట్టి ఇంకా పచ్చిగా ఉంది. ఎందుకు తవ్వారని అడిగితే, "చెత్త పూడ్చాను," అంది. ఆ మాట అనేటప్పుడు నా మొహంలోకి సూటిగా చూసింది. అంత ధైర్యం ఎక్కడిదా అనుకున్నాను.

రెండోది శాలువా. మా చెల్లెలి నీలం శాలువా ఆవిడ భుజాల మీద ఉంది. మనిషి ఏమైందో తెలియకముందే బట్టలు పంచేసుకున్నారన్నమాట.

"అది మా చెల్లెలిది," అన్నాను.

"తెలుసు. అది కప్పుకుంటే గానీ మహారాణి పాలివ్వదు."

మహారాణి అంటే ఆవు. దాని పొగరుకి మా చెల్లెలు పెట్టిన పేరు అది. దూడప్పుడే తల్లి చస్తే మా చెల్లెలే చేత్తో పాలు తాగించి పెంచింది, అందుకని దాని చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పాలివ్వదు. బుల్లిది పుట్టినప్పుడు చెల్లెలు ఆసుపత్రిలో ఉంటే, ఆ ఆవు పాలు చేపనేలేదు, చుక్క కిందికి వదలనేలేదు. పొదుగు రాయిలా గట్టిపడింది. అప్పుడు మిరపకాయ నాకు ఫోను చేసి, ఆవునీ కోడల్నీ కలిపి తిట్టింది. అందుకే శాలువా మాట నమ్మశక్యంగానే ఉంది. నమ్మాను, ఇంకా మండిపోయాను. ఆవుని కూడా మోసం చేసే రకం అనుకున్నాను.

మూడోది కొట్టం తలుపు. పాలు తీసేటప్పుడు ఆవిడ లోపలి నుంచి గడియ పెట్టుకునేది. కొత్తవాళ్ళని చూస్తే ఆవు బెదురుతుందట. పైగా పిల్లని కూడా చంకనేసుకుని పోయేది.

"పాలు తీసేచోటికి పిల్లెందుకు? నాకిచ్చి వెళ్ళండి."

"ఆవుని చూస్తే ఊరుకుంటుంది," అని విసురుగా తలుపేసుకునేది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. పిల్ల నిజంగానే ఊరుకునేది. కొట్టంలోకి వెళ్ళేటప్పుడు గుక్కపెట్టి ఏడ్చేది, బయటికొచ్చేటప్పుడు పొట్ట నిండినదానిలా తూగుతూ వచ్చేది. అమ్మ పాలు తప్ప ఎరగని పిల్ల చెంచాతో ఆవు పాలు అంత త్వరగా అలవాటు చేసుకుందా అని వింతగా అనిపించింది. ఏం మందు పెడుతోందో ఈ ముసలిది అని కూడా అనుకుని, పిల్ల మూతి వాసన చూశాను. మందు వాసన లేదు. పాల వాసనే.

మరిది రోజూ బస్సు మొదటి ట్రిప్పుకే వెళ్ళిపోయేవాడు, మా చెల్లెలి ఫొటో జేబులో పెట్టుకుని. ఆ దారిలో తిరిగే ప్రతి ఆటో డ్రైవరుకీ, లారీ వాడికీ, టీ కొట్టు వాడికీ చూపించాడు. "నా కన్నుగప్పి ఈ దారిలో చీమ కూడా పోలేదు వదినా. వెతికిస్తున్నాను," అనేవాడు. ఊరి పోలీసు హెడ్డు కూడా అతనికి ప్రాణస్నేహితుడే. ఆయన వచ్చి గదులన్నీ చూశాడు, కొట్టంలోకి ఒకసారి తొంగి చూశాడు, మంచం కింద టార్చి వేశాడు. వెళ్ళేటప్పుడు మిరపకాయ వంక అదోలా చూశాడు. ఆ చూపు నాకెంతో నచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ పిల్లతో కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, శాలువా దండెం మీద కనిపించింది. అదొక్కటీ కప్పుకుంటే చాలు కదా, మనమూ చూద్దాం అనుకున్నాను. శాలువా కప్పుకుని, బకెట్టు పట్టుకుని మహారాణి పక్కన కూర్చున్నాను. పొదుగు నిండుగా ఉంది. చెయ్యి వేశానో లేదో, ఒక్క తన్ను తన్నింది. బకెట్టు గోడకి తగిలింది, నేను పేడలో పడ్డాను. లేచి మళ్ళీ కూర్చున్నాను. రెండోసారి మోకాలి మీద తన్నింది. శాలువా సంగతి ఆ ఆవుకి పట్టనే లేదు.

పేడ కడుక్కుంటుంటే నాకు అసలు సందేహం మొదలైంది. శాలువా వట్టిదైతే, పాలెలా వస్తున్నాయి? పాల కేంద్రం ఆయన్ని వెళ్ళి అడిగాను. ఆయన మూత తీసి చూపిస్తూ, "ఎప్పట్లాగే వస్తున్నాయమ్మా. మహారాణి పాలు చిక్కన, చూడగానే తెలుస్తుంది," అన్నాడు.

దొరికావు మిరపకాయా అనుకున్నాను. ఎలా దొరికిందో, దేనికి దొరికిందో నాకే సరిగ్గా తెలియదు. ఆవిడ అబద్ధమాడిందని మాత్రం తేలింది. నాకు అది చాలు. మర్నాడు పొద్దున మరిదిని ఇంట్లోనే ఆపాను, హెడ్డుగారిని పిలిపించాను, మా ఆయన్ని బండి తీసుకుని రమ్మన్నాను. నలుగురూ వచ్చాక పిల్లని ఎత్తుకుని కొట్టం గుమ్మంలో నిలబడి మైకు పెట్టాను.

"హెడ్డుగారూ, ఈవిడ మా అందరి ముందూ ఈ ఆవు పాలు తియ్యాలి. తీస్తే నేను ఆవిడ కాళ్ళు పట్టుకుని వెళ్ళిపోతాను. తియ్యలేకపోతే, ఇన్నాళ్ళూ ఆడిందంతా అబద్ధమే."

మిరపకాయ మొహం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "వద్దమ్మాయ్," అంది. ఆవిడ నోటి నుంచి అంత మెత్తటి మాట నేనెప్పుడూ వినలేదు. అదీ తప్పు చేసినవాళ్ళ మెత్తదనమే అనుకున్నాను. చెయ్యి విదిలించుకున్నాను.

ఆవిడ శాలువా కప్పుకుని కూర్చుంది. హెడ్డుగారు గుమ్మానికి ఆనుకున్నాడు. మా ఆయన బయట బండి దగ్గరే ఉండిపోయాడు. మరిది లోపలికి వచ్చి ఆవుకి దగ్గరగా నిలబడ్డాడు. అతని చెప్పు చప్పుడు వినగానే మహారాణి చర్మం ఝల్లుమంది. చెవులు వెనక్కి పోయాయి, వెనక కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. నిండుగా వేలాడుతున్న పొదుగు నా కళ్ళ ముందే బిగుసుకుపోయింది.

"వాడు బయటికెళ్తే గానీ ఇవ్వదు. వాడంటే దానికి బెదురు. ఎగజేపేస్తుంది," అంది మిరపకాయ, ఎవరి వంకా చూడకుండా.

ఎగజేపడం అంటే పశువులున్న ఇంట్లో అందరికీ తెలుసు. బెదిరిన ఆవు పాలని పైకి లాగేసుకుంటుంది, చుక్క కూడా రానివ్వదు. ఆ మాట నేను అంతకుముందు ఒక చోట విన్నాను. నెల కిందట మా చెల్లెలు ఫోనులో అంది. "ఆయన బస్సు దిగి గడప తొక్కితే మహారాణి ఎగజేపేస్తుందక్కా. నేనూ అంతే. మేమిద్దరం ఒక జాతి." అంటూ నవ్వింది. నేనూ పగలబడి నవ్వాను. పిల్లకి పాలు చాలకపోతే బాగా తినవే అని నాలుగు చీవాట్లు కూడా పెట్టాను.

చంకలో బుల్లిది ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు వినగానే మహారాణి తల పైకెత్తింది. పిల్ల వంక కాదు, గుమ్మం వంక కాదు, నిటారుగా పైకి. కొట్టం మీద అటక ఉంది, గడ్డి దాచుకునేది. అటక చెక్కల సందులోంచి రెండు గడ్డిపరకలు జారి ఆవు వీపు మీద పడ్డాయి. గాలి లేదు. నిచ్చెన అటక దగ్గర లేదు, వంటింటి గోడకి ఆనించి ఉంది. పాలు తీసే వేళ మాత్రం గడ్డి దించాలని ఆవిడ దాన్ని లోపలికి ఈడ్చుకుపోయేది.

కానీ నా నోరు అప్పటికే బయల్దేరిపోయింది. నా నోటికీ బుర్రకీ ఎప్పుడూ ఆ తేడా ఉంది.

"చూశారా హెడ్డుగారూ, ఈ ఆవు పాలు తీసేది ఈవిడ కానే కాదు. రోజూ తీస్తున్నది..."

అక్కడ ఆగాను.

"ఈవిడ కాకపోతే ఎవరు?" అన్నాడు హెడ్డుగారు.

"ఎవరు వదినా?" అన్నాడు మరిది. నవ్వుతూనే అడిగాడు. నా మోచేతి పైన పట్టుకున్నాడు, వదినగారిని మర్యాదగా పట్టుకున్నట్టే. కానీ ఆ వేళ్ళు ఎముక దాకా దిగాయి. కళ్ళలో ఇన్నాళ్ళూ చూసిన నీళ్ళు ఎక్కడికి పోయాయో తెలియదు, పొడిగా ఉన్నాయి. "చెప్పండి. ఎవరు తీస్తున్నారు?"

నా జన్మలో అంత భయపడలేదు. పిల్లని ఎదకి అదుముకున్నాను. మిరపకాయ నా వంక చూస్తోంది. ఆ చూపులో తిట్టు లేదు, బతిమాలుకోవడం ఉంది.

"ఎవరేంటి? సూదిమందు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రోజూ తీస్తున్నది ఈవిడ చెయ్యి కాదు, సూదిమందు. పాలు చేపడానికి ఆవుకి ఇంజెక్షను పొడుస్తోంది ఈ పాపిష్ఠిది. శాలువా గిలువా అంతా నాటకం. ఆ విషం పాలే పసిపిల్లకీ పడుతోంది."

మిరపకాయ తల దించుకుంది.

"పొడిచాను," అంది. "పాలు రాకపోతే ఏం చెయ్యను? అందరూ పొడవట్లేదా?"

హెడ్డుగారు విసుక్కున్నాడు. "ఆవు కేసు చూడ్డానికా నన్ను పిలిచింది? మనిషి సంగతి చెప్పండమ్మా అంటే." మరిది నా చెయ్యి వదిలాడు. వేళ్ళ గుర్తులు ఎర్రగా మిగిలాయి. అతను ఇంకా నన్నే చూస్తున్నాడు, నమ్మాలా వద్దా అన్నట్టు. హెడ్డుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, టీ తాగుదాం రమ్మని ముందు వరండాలోకి తీసుకెళ్ళాడు.

టీ పెట్టే నెపంతో మిరపకాయ, నేను వంటింట్లోకి వెళ్ళాం. గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ, ఆ చప్పుడు కింద ఆవిడ చెప్పింది.

"దిండు పెట్టాడమ్మాయ్. దాని మొహం మీద. నేను పాలగిన్నె పట్టుకుని గదిలోకి వెళ్ళబట్టి వదిలాడు. వాడు మళ్ళీ బస్సెక్కగానే దాన్ని అటక ఎక్కించాను."

"పోలీసులకి చెప్పొచ్చుగా?"

"పోయిన నెల అది వెళ్ళి చెప్పుకుంది. మొగుడూ పెళ్ళాల గొడవేనమ్మా అని చెప్పి, సాయంత్రానికి హెడ్డే వెంటబెట్టుకొచ్చి వాడికి అప్పగించాడు. ఇక ఈ దారిలో బస్సా, ఆటోనా, ఏదెక్కినా వాడికి తెలిసిపోతుంది. బయటికి పంపే దారి లేక కూర్చున్నాను."

"నాకు చెప్పలేకపోయారా? నేను పక్కనే ఉన్నాను కదా."

"నీకా?" మిరపకాయ మొదటిసారి నవ్వినంత పని చేసింది. "నీకు చెప్పడం కన్నా చాటింపు వేయించడం నయం."

"మరి ఆ గొయ్యి?" అన్నాను.

"నేనే తవ్వాను. నన్ను అనుమానించాలి కదా ఎవరో ఒకరు. అందరూ నేల వంక చూస్తున్నంతసేపూ పైకి చూడరు."

నాకు ఏడుపొచ్చింది. కన్నకొడుకు మీద ఒక తల్లి కట్టిన నాటకం అది. ఇన్ని రోజులూ నేను ఆ తల్లిని తిట్టని తిట్టు లేదు. ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే గట్టిగా నెట్టేసింది.

"ఇప్పుడు కాళ్ళు కాదు. నీ నోరు కావాలి. బండి ఎక్కడ పెట్టాడు మీ ఆయన?"

"కొట్టం పక్కనే, నీడలో."

"అయితే ముందు వాకిట్లోకి పోయి నన్ను తిట్టు. ఊరంతా రావాలి. వాడు కదలకూడదు. ఎంత గట్టిగా తిడితే అంత మంచిది."

నిచ్చెన సంగతి మా ఆయనకి చెప్పడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆయన ఎప్పట్లాగే ఏమీ అనలేదు, వంటింటి గోడ దగ్గరి నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. మాట్లాడని మొగుడు దొరికాడని ఇన్నేళ్ళూ ఏడ్చినదాన్ని, ఆ రోజు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

నేను పిల్లనెత్తుకుని వాకిట్లోకి వెళ్ళాను. ఇక అరిచాను. బజారులో కూడా అలా అరవలేదు. కోడల్ని మింగిన రాకాసివన్నాను, నీ ఇంట్లో దీపం వెలగదన్నాను, చెత్త పూడ్చానంటావా, మా చెల్లెల్నే పూడ్చిపెట్టావన్నాను. మిరపకాయ కూడా తక్కువ తినలేదు. నీ నోరు పడిపోను, నీ చెల్లెలు లేచిపోతే నా మీద పడి ఏడుస్తావా, చేతనైతే తవ్వి చూసుకో పో అంది. పొలాల్లోంచి జనం వచ్చేశారు. గోడల మీద, మెట్ల మీద, ఎక్కడ చూసినా తలలే. హెడ్డుగారు టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

"పిల్లని ఈ ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచను. తీసుకుపోతున్నాను. ఎవడు ఆపుతాడో చూస్తాను," అన్నాను. అంతమంది ముందు మంచివాడు కాకుండా పోవడం మరిదికి కుదరలేదు. "తీసుకెళ్ళండి వదినా, వాళ్ళమ్మ దొరికేదాకా," అని కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడే బండి స్టార్టు చేసిన చప్పుడైంది. నేను ఎక్కబోతుంటే మరిది నా వెనకే వచ్చాడు. "ఆగండి. బండిలో ఏమున్నాయి?" అన్నాడు, మామూలుగా అడిగినట్టే. బండి వెనకంతా ఖాళీ బుట్టలు, వాటి మీద గోనెసంచులు. అతని చెయ్యి వెనక తలుపు గొళ్ళెం మీద పడింది.

"ఒరేయ్," అని కేక పెట్టింది మిరపకాయ. అంతమంది ముందు కొడుకు కాళ్ళ మీద పడిపోయి రెండు చేతులతో చుట్టేసింది. "నేనేరా. ఆ గోతిలో ఏముందో తవ్వి చూసుకోరా. ఇక దాచలేను."

జనం ఒక్కసారి గొల్లుమన్నారు. హెడ్డుగారు పార పట్టుకురమ్మని అరుస్తూ పెరట్లోకి పరిగెత్తాడు. ఊరంతా అటే పరిగెత్తింది. తల్లి కాళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే విదిలించుకుని బండి తలుపు తీసే కొడుకుని జనం ఏమంటారు? మరిది చెయ్యి గొళ్ళెం మీద నుంచి జారింది. మా ఆయన బండి కదిలించాడు.

పెద్ద రోడ్డు ఎక్కేదాకా పిల్ల నా ఒళ్ళో ఏడుస్తూనే ఉంది. నేను సముదాయించలేకపోయాను, నాకే నోరు పెగల్లేదు. కూడలి దాటాక చెరుకు తోట పక్కన బండి ఆపి వెనక సంచులు తీశాం. మా చెల్లెలు బుట్టల మధ్య ముడుచుకుని ఉంది. జుట్టు నిండా గడ్డి. మెడ మీద నీలం మరక. రొమ్ము దగ్గర బట్టంతా తడిసి ముద్దయింది.

"అది ఏడుస్తుంటే పాలు ఆగలేదక్కా. చేపేశాయి," అంది. పిల్లని లాక్కుని రొమ్ముకిచ్చింది. కొంచెంసేపు ముగ్గురం అలా ఏడ్చాం. తరవాత కళ్ళు తుడుచుకుని, అది నవ్వింది. "నిన్న నువ్వు మహారాణి దగ్గర తన్నులు తిని పేడలో పడ్డావే, పైన నోట్లో కొంగు కుక్కుకుని చచ్చాను నవ్వాపుకోలేక. పిలుద్దామనుకున్నాను. నీ నోరు గుర్తొచ్చింది."

గోతిలో పగిలిన కుండ పెంకులు, కుళ్ళిన గడ్డి దొరికాయి. మిరపకాయని తీసుకెళ్ళి పొద్దుగూకేదాకా స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టి అడిగారట. మతి పోయి ఏదో అన్నానంది. ఏమీ తేలక వదిలేశారు. ఊరు మాత్రం వదల్లేదు. ఆవిడ కుళాయి దగ్గరికి వస్తే మిగతావాళ్ళు బిందెలు తీసుకుని పక్కకి జరుగుతారు. మహారాణి పాలు ఎండిపోయాయి. అయినా ఆవిడ దానికి గడ్డి వేస్తూనే ఉంది.

పిల్లని చూస్తానని మరిది రెండుసార్లు మా బజారుకొచ్చాడు. నడి బజారులో నిలబెట్టి, ముందు మా చెల్లెల్ని తెచ్చి చూపించు, తరవాత పిల్లని చూపిస్తాను అని మైకు పెట్టాను. మూడోసారి రాలేదు. మా చెల్లెలు ఎక్కడుందో, ఏం పని చేసుకుంటోందో, పిల్ల ఎవరి దగ్గరుందో మీరు అడగకండి. అడిగినా చెప్పను. చూశారా, ఇంత కథ చెప్పాను, అది మాత్రం చెప్పలేదు. మా అమ్మ ఉంటే నమ్మేది కాదు.

వారానికోసారి మిరపకాయకి ఫోను చేస్తాను. కొడుకు పక్కనే ఉంటాడు, ఫోను స్పీకరులో పెట్టిస్తాడు. అందుకని తిట్టడానికే చేస్తాను.

"ఏమమ్మా, మా చెల్లెల్ని మింగి హాయిగా నిద్రపోతున్నావా?" అన్నాను మొన్న. "ఆ తల్లిలేని పిల్లకి కింద రెండు పళ్ళొచ్చాయి. గోడ పట్టుకుని నిలబడుతోంది కూడా. చూసుకునే రాత లేకపోయింది నీ పాడు మొహానికి."

వెనక మరిది దగ్గు వినిపించింది.

"పళ్ళొచ్చాయంట పళ్ళు," అంది మిరపకాయ. విసుగ్గానే అంది, చివర్లో మాత్రం గొంతు జీరబోయింది. "కరుస్తోందా?"

"కరవక ఏం చేస్తుంది? అంతా నీ పోలికే," అన్నాను. అంతకన్నా గట్టి తిట్టు నాకు దొరకలేదు.